మీకు తెలుసా? నైట్ డ్యూటీల భారం గుండె మీద పడుతుంది

నర్సుల గుండె గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం నర్సులే చెప్పారు. 1976లో అమెరికాలో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనంలో 1,21,700 మంది చేరారు, 1989లో మరో తరం జతైంది. వీరిలో సుమారు 1,89,000 మందిని 24 ఏళ్లపాటు గమనించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పగటి డ్యూటీలతో పాటు నెలకు కనీసం 3 నైట్లు చొప్పున పదేళ్లకు పైగా చేసినవారికి, అసలు నైట్లు చేయనివారికంటే గుండెజబ్బు ముప్పు 15–18 శాతం ఎక్కువగా కనిపించింది. ఒక్క మనిషి విషయంలో ఇది చిన్న తేడాయే. కానీ లక్షల మంది నర్సులున్న వృత్తిలో దీన్ని చిన్నదని తీసిపారేయలేం.

రాత్రి నిద్రలో బీపీ మామూలుగా 10–20 శాతం తగ్గుతుంది. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. వార్డులో మేలుకుని ఉంటే ఆ తగ్గుదల సరిగా జరగదు, పగలు పడుకున్నా పూర్తిగా పూడదు. వేళగాని వేళ తిండి, కదలనివ్వని అలసట కూడా తోడవుతాయి.

నైట్లు ఒక్కటే కాదు. డెన్మార్క్‌లో 1993 నుంచి 12,116 మంది నర్సులను 15 ఏళ్లు పరిశీలిస్తే, పని ఒత్తిడి మరీ ఎక్కువని చెప్పినవారిలో గుండెజబ్బు ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువ; ఈ తేడా స్పష్టంగా కనిపించింది 51 ఏళ్లలోపువారిలోనే. అందుకే రోస్టర్ వేయడం, ఖాళీ పోస్టులు నింపడం కూడా ఆరోగ్య విషయాలే అనాలి. అమెరికా అధ్యయనంలో, నైట్లు మానేసి ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతూ వచ్చినట్టు కూడా కనిపించింది.