పదికి సున్నా వచ్చిన పాటగాడు

పదికి సున్నా. పాయింటు తర్వాత కూడా సున్నాయే: 0.0. ట్రావిస్ మారిసన్ తొలి సోలో ఆల్బమ్ ‘ట్రావిస్తాన్’కు 2004 సెప్టెంబరులో పిచ్‌ఫోర్క్ అనే అమెరికన్ సంగీత పత్రిక వేసిన మార్కులివి. విడ్డూరం ఏమిటంటే, ఐదేళ్ల ముందు ఇదే పత్రిక ఇదే మనిషి పాడిన ఆల్బమ్‌కు 9.6 వేసింది. 1999లో వచ్చినవాటన్నిటిలోకీ అదే మిన్న అని కూడా తేల్చింది.

ఆ 9.6 ఆల్బమ్ పేరు ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’. వాషింగ్టన్ డీసీ ప్రాంతంలో 1993లో మొదలైన ‘డిస్మెంబర్‌మెంట్ ప్లాన్’ అనే బ్యాండుది. మారిసన్ అందులో గాయకుడు, గిటారిస్టు. పంక్ రాక్ దూకుడు, కాలు కదిలించే లయ, మధ్యలో పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుండే పాట ఈ బ్యాండు ప్రత్యేకత. ఆ ఆల్బమ్ రికార్డింగుకు డబ్బు పెట్టింది ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ. ఈలోగా పెద్ద కంపెనీల విలీనాలు జరిగాయి, బ్యాండును వదిలించుకున్నారు. తయారైన ఆల్బమ్ చేతిలో పట్టుకుని కుర్రాళ్లు తమ పాత చిన్న లేబుల్ డిసోటో దగ్గరికే తిరిగొచ్చారు. డిసోటోను నడిపేది జాబాక్స్ అనే మరో బ్యాండులో వాయించినవాళ్లు. ఇండీ (స్వతంత్ర సంగీత) లోకం అప్పట్లో ఇలాగే నడిచేది. పెద్ద కంపెనీ ఉండేది కాదు, ప్రచారానికి పెట్టుబడి ఉండేది కాదు. ఒక బ్యాండువాళ్లు ఇంకో బ్యాండు సీడీలను పెట్టెల్లో సర్ది పోస్టు చేస్తుండేవారు. అలాంటి చోట మంచి సమీక్ష ఒక్కటి పడిందంటే లక్షలు పోసినా రాని ప్రచారం.

పిచ్‌ఫోర్క్ కూడా అలా చిన్నగా పుట్టిందే. మినియాపొలిస్‌లో ర్యాన్ ష్రైబర్ అనే కుర్రాడు 1990ల నడుమ మొదలుపెట్టాడు, తర్వాత షికాగోకు మకాం మార్చాడు. దాని గుర్తింపంతా మార్కుల్లో ఉంది. 0.0 నుంచి 10.0 దాకా, దశాంశంతో సహా. 7.8కీ 7.9కీ తేడా ఏమిటని అడిగితే ఏ సమీక్షకుడూ జవాబు చెప్పలేడు. అయినా ఆ దశాంశం చూస్తే ఏదో ప్రయోగశాలలో కొలిచి తెచ్చినట్టుంటుంది. మన సినిమాలకు రెండుముప్పావు, మూడుంపావు వేసే అలవాటు తెలిసినవాళ్లకు ఈ మాయ గురించి వేరే చెప్పక్కర్లేదు.

2003లో బ్యాండు విడిపోయింది. మరుసటేడు మారిసన్ సొంతంగా ‘ట్రావిస్తాన్’ చేశాడు. నిర్మాణంలో డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ బ్యాండుకు చెందిన క్రిస్ వాల్లా చేయి కూడా ఉంది. సియాటిల్‌లోని బార్సుక్ రికార్డ్స్ విడుదల చేసింది. ఆల్బమ్ వింతగానే ఉంటుంది. అమెరికా నాణేల మీద బొమ్మలుగా మిగిలిపోయిన అధ్యక్షుల గురించి ‘గెట్ మీ ఆఫ్ దిస్ కాయిన్’ అనే పాటను ఎ, బి, సి, డి అని నాలుగు ముక్కలు చేసి ఆల్బమ్ పొడుగునా చల్లాడు. ఈ నాణెం మీద నుంచి నన్ను దించండి మహాప్రభో అన్న ధోరణి. మధ్యలో ఓర్కా తిమింగలం మీద ఒక పాట, చే గెవారా పోస్టరు మీద మరొకటి. వేళాకోళం ఎక్కడ ఆగుతుందో, అసలు మాట ఎక్కడ మొదలవుతుందో ఒక పట్టాన అంతుచిక్కదు.

క్రిస్ డాలెన్ అనే సమీక్షకుడికి అది చిరాకు తెప్పించింది. అసలు ఇతను ఏం సాధిద్దామనుకున్నాడో ఊహించడానికి కూడా వీల్లేనంత వింతగా విఫలమైందన్నది ఆయన తీర్పు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు, నచ్చలేదని రాయడం సమీక్షకుడి పని. దెబ్బ కొట్టింది వాక్యాలు కావు, పైన కనిపించే అంకె.

అప్పటికి ఇంట్లో కూర్చుని పాటలన్నీ ఉచితంగా విని చూసే సదుపాయం లేదు. స్పాటిఫై అమెరికాలో అడుగుపెట్టింది 2011లో. కొత్త ఆల్బమ్ ఎలా ఉందో తెలియాలంటే కాలేజీ రేడియోలో వినాలి, లేదా సీడీల దుకాణానికి వెళ్లి కొనాలి. ఏ సీడీలు తెప్పించాలో దుకాణదారు, ఏ పాటలు వేయాలో రేడియో కుర్రాళ్లు నిర్ణయించుకునేది చాలావరకు ఇలాంటి సమీక్షలు చూసే. బార్సుక్ అధినేత జోష్ రోజెన్‌ఫెల్డ్ 2006లో ‘వాషింగ్టన్ పోస్ట్’తో మాట్లాడుతూ ఒక దుకాణం సంగతి చెప్పాడు. ఆ ఇండీ దుకాణంవాళ్లు ఆల్బమ్‌ను అమ్మకానికి పెట్టబోమని చెప్పేశారట. విని నచ్చక కాదు, పిచ్‌ఫోర్క్ సమీక్ష చూసి.

అదే కథనంలో మారిసన్ తన అనుభవం చెప్పుకున్నాడు. సమీక్ష వచ్చే రోజు దాకా తను ఒంటరిగా కచేరీ చేస్తే జనం తమ ఇంటి పిచ్చోడిని చూసినట్టు ముద్దుగా చూసేవారట. తెల్లారేసరికి ఆ చూపు మారిపోయింది. కచేరీకి వచ్చినవాళ్లు కూడా అసలు ఇక్కడ ఉండొచ్చా, కూడదా అని తేల్చుకోలేక తికమక పడుతున్నట్టు అతనికి తెలిసిపోయేదట. ఎవరూ గోల చేయలేదు, టమాటాలు విసరలేదు. నచ్చితే పరువు పోతుందేమోనన్న అనుమానంతో పాట వినే శ్రోత ముందు పాడటం కన్నా టమాటా దెబ్బలు తినడమే నయం.

చిత్రం చూడండి, అదే నెలలో అదే పత్రిక ఆర్కేడ్ ఫైర్ అనే మాంట్రియల్ బ్యాండు తొలి ఆల్బమ్ ‘ఫ్యూనరల్’కు 9.7 వేసింది. మెర్జ్ అనే చిన్న లేబుల్‌ది అది. జనం ఎగబడ్డారు, స్టాకు చాలలేదు. ఆ బ్యాండుకు ప్రతిభ ఉంది, కాదనలేం. కానీ ఒక అంకె ఒకరిని ఎక్కించి, ఇంకొకరిని దించడం ఒకే నెలలో జరిగిపోయింది.

సున్నా వేయించుకున్నది మారిసన్ ఒక్కడే కాదు. నాలుగు సీడీలను నాలుగు ప్లేయర్లలో ఒకేసారి వేసి వినాల్సిన ఫ్లేమింగ్ లిప్స్ ‘జైరీకా’కు అదే గతి పట్టింది. సోనిక్ యూత్ లాంటి పేరు మోసిన బ్యాండుకూ 2000లో ఒక సున్నా పడింది. ఇంటిలో నాలుగు ప్లేయర్లు లేని సమీక్షకుడి కోపాన్ని కొంత అర్థం చేసుకోవచ్చు, అది వేరే సంగతి.

2003లో లిజ్ ఫెయిర్‌కు పడిన సున్నా మరీ ప్రసిద్ధం. 1993లో ‘ఎగ్జైల్ ఇన్ గైవిల్’తో ఇండీ లోకానికి ఆరాధ్యురాలైన గాయని ఆమె. పదేళ్ల తర్వాత తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌లో కొన్ని పాటల కోసం ఆవ్రిల్ లవీన్‌కు హిట్లు ఇచ్చిన మ్యాట్రిక్స్ బృందంతో పనిచేసింది. డబ్బుకు అమ్ముడుపోయిందన్నారు. ‘న్యూయార్క్ టైమ్స్’లో కూడా ఒక తీవ్రమైన సమీక్ష వచ్చింది. దానికి ఆమె ఏడవలేదు, ఉత్తరం రాసింది. ఆకాశం విరిగి పడుతోందని ఊరంతా చెప్పుకుంటూ తిరిగే కోడిపిల్ల కథను తిరగరాసి, ఆ కోడిపిల్ల పాత్ర సమీక్షకురాలికి ఇచ్చింది. పిచ్‌ఫోర్క్‌లో సున్నా వేసిన మ్యాట్ లెమే పదహారేళ్ల తర్వాత, 2019లో, తను రాసింది చిన్నచూపుతో రాసిన రాత అని ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆమె హుందాగా స్వీకరించింది.

తిరిగి కొట్టినా, నవ్వి ఊరుకున్నా ఫరవాలేదు. సమీక్షను కళాకారుడే నమ్మేస్తే మాత్రం కష్టం. వీజర్ బ్యాండు గాయకుడు రివర్స్ కుయోమో సంగతి అదే. వీజర్ పెద్ద కంపెనీ బ్యాండు, ఇండీ కాదు. కానీ 1996లో వచ్చిన వాళ్ల ‘పింకర్టన్’ అతని సొంత గోడంతా వెళ్లబోసుకున్న ఆల్బమ్. ‘రోలింగ్ స్టోన్’ పాఠకులు దాన్ని ఆ ఏటి అధ్వాన్నపు ఆల్బమ్‌ల జాబితాలోకి ఎక్కించారు. కుయోమో ముడుచుకుపోయాడు. 2001లో తన ఆల్బమ్‌ను తానే అసహ్యమని తిట్టిపోశాడు. అప్పటికే అభిమానులు ఒకరి చెవిన ఒకరు వేసుకుంటూ ఆ పాటలను నెత్తిన పెట్టుకున్నారు. 2010లో అదే కుయోమో ‘పింకర్టన్’ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వేదికల మీద పాడాడు. పాటలు మారలేదు, ఒక్క స్వరం దిద్దలేదు.

మారిసన్ విషయంలో అలాంటి మలుపు సగమే వచ్చింది. 2007లో ఇంకో ఆల్బమ్ చేశాడు, పెద్దగా సద్దు లేదు. సంగీతం పక్కన పెట్టి వెబ్ ప్రోగ్రామింగ్ ఉద్యోగాలు చేశాడు, చర్చి బృందంలో పదిమందితో కలిసి పాడాడు. మార్కులు వేసేవాళ్లు లేని చోట గొంతు కలపడం ఎంత హాయో ఊహించుకోవచ్చు. 2011లో ‘ఎమర్జెన్సీ అండ్ ఐ’ని బార్సుక్‌వాళ్లే మళ్లీ అచ్చేశారు. పాత బ్యాండు కలిసింది, టికెట్లు అమ్ముడయ్యాయి. పిచ్‌ఫోర్క్ ఈసారి ఆ ఆల్బమ్‌కు 10.0 వేసింది. ఒక మనిషి పాటకు ఒకే పత్రికలో అటు చివరి అంకె, ఇటు చివరి అంకె రెండూ దక్కాయన్నమాట.

2013లో ఆ బ్యాండు ‘అన్‌క్యానీ వ్యాలీ’ అనే కొత్త ఆల్బమ్ తెచ్చింది. సమీక్షలు అటూ ఇటూగా వచ్చాయి. ఈసారి ఎవరి బతుకూ తలకిందులు కాలేదు. వినదలచినవాళ్లు నేరుగా వినేస్తున్న కాలం వచ్చేసింది కదా. పిచ్‌ఫోర్క్‌ను 2015లో కాండే నాస్ట్ కొనేసింది. 2024 జనవరిలో దాన్ని ‘జీక్యూ’ అనే మగవాళ్ల పత్రిక నీడన చేర్చి, చాలామంది ఉద్యోగులను సాగనంపింది. ఇండీ బ్యాండ్లను కంపెనీలు వదిలించుకున్న తీరు గుర్తున్నవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్న కథలాగే ఉంటుంది.

అంతకుముందు, 2021లో, ఆ పత్రిక తన పాత మార్కులు 19 ఆల్బమ్‌లకు దిద్దుకుంది. లిజ్ ఫెయిర్ సున్నా 6.0 అయింది. డాఫ్ట్ పంక్ ‘డిస్కవరీ’ 6.4 నుంచి ఏకంగా 10కి ఎక్కింది. ఇంటర్‌పోల్ తొలి ఆల్బమ్ 9.5 నుంచి 7.0కి దిగింది. జాబితా చూస్తే చాలావరకు లోకం అప్పటికే తీర్పు మార్చుకున్న ఆల్బమ్‌లే. ‘ట్రావిస్తాన్’ అందులో లేదు. దాని తరఫున గట్టిగా వాదించే జనం ఎప్పుడూ పోగవలేదు, ఆ సున్నా చూసి వినడానికే వెనకాడినవాళ్లు ఇంకెక్కడ వాదిస్తారు?

గొప్ప ఆల్బమ్ అని ఎవరూ అనక్కర్లేదు. ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్నిచోట్ల మారిసన్ తన జోకుకు తనే నవ్వుకుంటాడు. సున్నా ఆల్బమ్ మాత్రం కాదు. వినాలనుంటే ‘బార్న్ ఇన్ సెవెంటీ టూ’తో మొదలుపెట్టండి. నాణేల పాటలు నచ్చకపోతే దాటేయండి, ఎలాగూ చిన్నవే.