చెవితో చూచు నాటకము

రంగస్థలమునకు తెర, దీపము, వేషము కలవు. రేడియో నాటకమునకు అవి యేవియు లేవు. వాన కురిసినను, ఒకరి కన్ను చెమర్చినను మాటవలననో, ధ్వనివలననో శ్రోతకు తెలియవలెను.

ఈ విద్య నెరిగినవారిలో గొల్లపూడి మారుతీరావుగారు ఒకరు. వీరు 1939లో విజయనగరమున జన్మించిరి. పత్రికారంగమునుండి ఆకాశవాణికి వచ్చి, సుమారు రెండు దశాబ్దములు అచట ఉద్యోగించిరి. రంగస్థలమునకును, రేడియోకును నాటకములు వ్రాసిరి. చైనా దురాక్రమణ నేపథ్యముగా 'వందేమాతరం' రచించిరి. అంధ యాచకుల కథయైన 'కళ్లు' నాటకము 1988లో చలనచిత్రమైనది. పిదప టెలివిజన్ కార్యక్రమములద్వారా ఇంటింటికిని పరిచితులైరి. 2019లో దివంగతులైరి. సాధనములు మారినను, వారి మూలధనము మాటయే.

మన భవాని పేట్ బిడ్డలు వీధిలో మరాఠీ విందురు. తెలుగు వినుటకు ఇల్లే ముఖ్యాధారము. బీడీలు చుట్టు తల్లికి చేతులు తీరికగా నుండవు. కాని నోటికిని, చెవికిని అడ్డు లేదు. కావున తల్లిదండ్రులకు మా మనవి యిది: పని చేయుచునే బిడ్డకొక కథ చెప్పుడు; బిడ్డచే ఒక నాటకమును పైకి చదివించి వినుడు. విన్న భాషయే నోటికి వచ్చును; నోటికి వచ్చినదే వ్రాతలో నిలుచును. అక్షరములు మేము నేర్పగలము. చెవిని సిద్ధము చేయవలసినవారు మీరే.