ఆరని మంట

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతున్నారనుకోండి. చెక్కపెట్టె పేడు ఒకటి వేలిలో గుచ్చుకుంది. మర్నాటికి వేలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలపడం మొదలుపెట్టింది. దీనినే వైద్యశాస్త్రంలో ‘శోథ’ అంటారు. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే ఈ నాలుగు లక్షణాలనూ రోము రచయిత సెల్సస్ సుమారు రెండు వేల ఏళ్ల కిందటే రాసి ఉంచాడు.

శోథ జబ్బు కాదు; శరీరం తన్ను తాను కాపాడుకొనే పద్ధతి. పేడుతోపాటు సూక్ష్మజీవులు లోపలికి పోగానే చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దానితో సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా చేరడంవల్ల ఎరుపు, వేడి. నాళాల నుంచి ద్రవం ఊరడంవల్ల వాపు. రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు నాళాల గోడలు దాటి వచ్చి సూక్ష్మజీవులను మింగి, అక్కడే చనిపోతాయి. చీములో ఎక్కువగా ఉండేవి ఇవే. తరువాత స్థూలభక్షక కణాలు వచ్చి, మిగిలినదంతా తిని శుభ్రం చేస్తాయి. కొద్ది రోజుల్లో వేలు మామూలవుతుంది.

మరి శత్రువు లొంగకపోతే? శోథ నెలలు, ఏళ్లు సాగుతుంది. ఇదే దీర్ఘకాలిక శోథ. ఇందులో స్థూలభక్షక కణాలు, లింఫోసైట్లు ముఖ్యం. శత్రువు కోసం అవి వదిలే రసాయనాలు సొంత కణజాలాన్ని కూడా పాడుచేస్తాయి. ఒకపక్క కణజాలం చెడిపోతూ ఉంటే, మరోపక్క మచ్చ కడుతూ ఉంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతంలో రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కీళ్లమీదే దాడి చేస్తుంది. క్షయలో శత్రువు నిజంగానే ఉంటాడు. అయితే కాపలావాడి ఇంట్లోనే దాక్కుంటాడు.

1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న క్షయ బాక్టీరియా గాలితో ఊపిరితిత్తులకు చేరుతుంది. స్థూలభక్షక కణం దానిని మింగుతుంది. మామూలుగా లైసోసోముల్లోని ఎంజైములు మింగినదానిని జీర్ణం చేస్తాయి. మైనం వంటి పొర కప్పుకున్న ఈ బాక్టీరియా లైసోసోములను తన దగ్గరికి రానీయదు. అప్పుడు టి-లింఫోసైట్లు వచ్చి స్థూలభక్షక కణాలకు బలాన్నిస్తాయి. అన్నీ కలిసి చుట్టూ గోడ కడతాయి. ఈ గుంపు పేరు గ్రాన్యులోమా. చాలామందిలో బాక్టీరియా ఏళ్లతరబడి అందులోనే బందీగా ఉంటుంది. మనిషికి జబ్బు రాదు. పోషకాహార లోపం, మధుమేహం, హెచ్.ఐ.వి. వంటి కారణాలతో రక్షణ బలం తగ్గితే ఆ గోడ కూలుతుంది. ఊపిరితిత్తిలో గుంట పడి, బాక్టీరియా దగ్గుతో బయటపడుతుంది.

ఆబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో, నాంపల్లి గృహకల్ప భవనంలో, సెంటర్ ఫర్ డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలలు ఉండేవి. ఆ సంస్థ ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు 2009లో ఒక విషయం ప్రకటించారు. క్షయ బాక్టీరియాకు చెందిన పి.పి.ఇ.18 అనే ప్రోటీన్, స్థూలభక్షక కణం మీది టి.ఎల్.ఆర్.2 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. వెంటనే ఆ కణం ఇంటర్‌ల్యూకిన్-10ను తయారు చేస్తుంది. ఇది శోథను చల్లార్చే సంకేతం. అంటే, దొంగ ఇంట్లో ఉండగానే ‘దొంగ పోయాడు, పడుకోండి’ అని కాపలావాళ్ల ఈల తానే ఊదుతున్నాడన్నమాట!

మంట ఎక్కువైతే ఊపిరితిత్తి పాడవుతుంది. తక్కువైతే బాక్టీరియా పెరుగుతుంది. అందుకే క్షయ మొండి జబ్బు. మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడుతుంది. నయమైందని మందులు మానేస్తే, మిగిలిన బాక్టీరియా మందుకు లొంగనివిగా తయారయ్యే ప్రమాదం ఉంది.

మీ ఇంట్లోగాని, వీధిలోగాని ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోమని చెప్పండి. పరీక్షా, మందులూ ఉచితం. క్షయ సిగ్గుపడవలసిన జబ్బు కాదు. దాచిపెట్టవలసిన జబ్బు అంతకన్నా కాదు.