3/5 అంటే ఏ నెల?

3/5/2025. ఈ తేదీ చూడగానే మీకు ఏ నెల గుర్తొచ్చింది? మే నెల అనుకుంటే మీరు మన ఫస్టియర్ తమ్ముడొకడి లాంటివాళ్ళే. నేను పేజీలో పెట్టింది మాత్రం మార్చి 5. ఈ తేడా వల్ల వాడి కథ మన క్లబ్ పోటీకి అందకుండా పోయింది. తప్పు నాదే. ఆ తప్పు ఎలా జరిగిందో చెప్తే, షేర్‌పాయింట్ పేజీని మనకి కావల్సినట్టు మార్చుకోవడం ఎలాగో కూడా చెప్పినట్టవుతుంది. అందుకే రాస్తున్నా. స్కూల్లో తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా మాత్రమే చదివినదాన్ని, దోషాలుంటే సర్దుకోండి.

ముందు షేర్‌పాయింట్ సంగతి. ఒక సంస్థలో వాళ్ళు ఫైళ్ళు, నోటీసులు, లిస్టులు ఒకచోట పెట్టుకుని కలిసి పని చేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ప్లాట్‌ఫామ్ ఇది. నేనెప్పుడూ వాడలేదే అనుకోకండి. టీమ్స్ ఛానెల్‌లో మనం పెట్టే ఫైళ్ళు వెళ్ళి కూర్చునేది షేర్‌పాయింట్‌లోనే.

ఇందులో పేజీ అంటే కొన్ని ముక్కల కలయిక. ఒక్కో ముక్కని వెబ్ పార్ట్ అంటారు. వార్తలకి ఒకటి, ఈవెంట్లకి ఒకటి, క్విక్ లింక్స్‌కి ఒకటి, లిస్టు చూపించడానికి ఒకటి. ఎడిట్ నొక్కి, ప్లస్ గుర్తు దగ్గర కావల్సినది ఎంచుకుంటే పేజీలోకి వచ్చేస్తుంది. వచ్చాక దాన్ని మార్చుకోవడానికి మూడు మెట్లున్నాయి. హాస్టల్ రూమ్‌తో పోల్చి చెప్తా.

మొదటి మెట్టు సెట్టింగ్స్. రూమ్‌లో మంచం జరుపుకోవడం లాంటిది, ఎవర్నీ అడగక్కర్లేదు. వెబ్ పార్ట్ మీద క్లిక్ చేసి పెన్సిల్ గుర్తు నొక్కితే కుడివైపు ప్రాపర్టీ పేన్ తెరుచుకుంటుంది. ఏ లిస్టు చూపించాలి, ఏ వ్యూ వాడాలి, లింకులు బటన్లలా ఉండాలా టైల్స్‌లా ఉండాలా, ఇవన్నీ అక్కడే. కోడ్ ఒక్క లైను కూడా అక్కర్లేదు.

రెండో మెట్టు ఫార్మాటింగ్. గోడకి రంగేసుకోవడం లాంటిది. లిస్టులో ఒక కాలమ్ ఎలా కనిపించాలో జేసన్‌లో రాసి ఇవ్వొచ్చు. గడువు దాటితే ఎర్రగా చూపించు, ఇంకా మూడు రోజులుంటే పసుపుగా చూపించు, ఇలాంటివి. తేదీల లెక్క మిల్లీసెకన్లలో చేయాలి, అంటే ఒక రోజుకి 86400000. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఇది కనిపించే తీరుని మారుస్తుందే తప్ప లోపలున్న డేటాని ముట్టుకోదు. తప్పు రాసినా ఆ జేసన్ తీసేస్తే కాలమ్ మళ్ళీ మామూలుగా అయిపోతుంది.

మూడో మెట్టు మన సొంత వెబ్ పార్ట్. బయట నుంచి కొత్త బీరువా తెచ్చి రూమ్‌లో పెట్టడం లాంటిది, వార్డెన్ ఒప్పుకోవాలి. దీనికి షేర్‌పాయింట్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తాం, కావాలంటే రియాక్ట్ వాడతాం. ప్రాపర్టీ పేన్‌లో ఏమేం ఉండాలో కూడా మనమే నిర్ణయిస్తాం. తర్వాత ప్యాకేజీ చేసి యాప్ కేటలాగ్‌లో పెట్టాలి. అక్కడ అడ్మిన్ సరేనంటేనే పేజీలోకి వస్తుంది.

నేనేం చేశానంటే, సీదా మూడో మెట్టు ఎక్కా. కథల పోటీ గడువుకి కౌంట్‌డౌన్ వెబ్ పార్ట్ రాశా. తెలుగు అంకెలు, యానిమేషన్, అంతా ఉంది. మూడు వీకెండ్లు పోయాయి. తీసుకెళ్ళి చూపిస్తే అడ్మిన్ సార్ ఒకే ప్రశ్న అడిగారు: "ఇది ఎవరి పర్మిషన్లతో రన్ అవుతుందమ్మా?" నా దగ్గర జవాబు లేదు. అసలు విషయం ఏంటంటే, ఆ కోడ్ పేజీ తెరిచినవాళ్ళ బ్రౌజర్లో, వాళ్ళ హక్కులతోనే నడుస్తుంది. లెక్చరర్ తెరిస్తే, లెక్చరర్ చూడగలిగే ఫైళ్ళ దాకా నా కోడ్ చేయి వెళ్ళగలదు. పాత క్లాసిక్ పేజీల్లో స్క్రిప్ట్ ఎడిటర్ అనే వెబ్ పార్ట్ ఉండేది, జావాస్క్రిప్ట్ నేరుగా అందులో పేస్ట్ చేసేవాళ్ళు. మోడర్న్ పేజీల్లో అది లేదు. సార్ జాగ్రత్త సార్‌ది. "రివ్యూ చేశాక చూద్దాం" అన్నారు.

గడువు దగ్గర పడుతోంది కదా అని, తాత్కాలికంగా ఒక లిస్టు వెబ్ పార్ట్ పెట్టేశా. రెండు నిమిషాల పని. సెట్టింగ్స్ ఏవీ తెరిచి చూడలేదు. సైట్ భాష, ప్రాంతం అమెరికా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. అందుకే నెల ముందు, రోజు తర్వాత: 3/5/2025.

మార్చి 7న ఆ తమ్ముడు నా దగ్గరికొచ్చాడు. చేతిలో పదకొండు తెల్ల కాగితాలు. "అక్కా, మే మూడు దాకా టైముంది కదా, ఒకసారి చదివి తప్పులు చెప్తావా?" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ మీద కథ. ఇంటర్ దాకా తెలుగు మీడియం, రాయడం ఇదే మొదటిసారి. ఎంట్రీలు అప్పటికే జడ్జీల చేతికి వెళ్ళిపోయాయి. నేను వెళ్ళి అడిగినా కుదరదన్నారు, అందరికీ ఒకటే రూల్ అన్నారు. నిజమే కదా. వాడు ఏమీ అనలేదు. "సరేలే అక్కా" అని కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. తిట్టుంటే బాగుండేది.

ఆ రాత్రి మొదటి మెట్టుకి దిగొచ్చా. సైట్ సెట్టింగ్స్‌లో రీజనల్ సెట్టింగ్స్ తెరిచి, లొకేల్ ఇంగ్లిష్ ఇండియా చేశా. టైమ్ జోన్ కూడా మన దేశానిది పెట్టా. అది అమెరికా పసిఫిక్ టైమ్‌లో ఉంది, మనకీ దానికీ పన్నెండు గంటలకి పైనే తేడా. రాత్రి పన్నెండు గడువు అని రాస్తే ఎవరి పన్నెండు?

అంతటితో అయిపోలేదు. ఎవరైనా తమ ప్రొఫైల్లో వేరే ప్రాంతం పెట్టుకుంటే వాళ్ళకి మళ్ళీ వేరేలా కనిపిస్తుంది. అందుకే రెండో మెట్టు. తేదీలోంచి రోజుని, నెలని విడదీసే ఫంక్షన్లు ఫార్మాటింగ్‌లో ఉన్నాయి. వాటితో నెల అంకె తీసేసి పేరే రాయించా: "మార్చి 5". ఒక్కటి గుర్తుంచుకోండి, ఇక్కడ నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. జనవరి అంటే 0, మార్చి అంటే 2. నేను మొదట అది మర్చిపోయి మార్చిని ఫిబ్రవరి చేశా. ఈసారి మాత్రం పేజీ బయటపెట్టే ముందు ముగ్గురు జూనియర్లకి చూపించి, "గడువు ఎప్పుడు?" అని అడిగా. ముగ్గురూ ఒకే తేదీ చెప్పాకే పబ్లిష్ నొక్కా.

మొత్తం పని నలభై నిమిషాలు. మూడు వీకెండ్ల కౌంట్‌డౌన్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

మూడో మెట్టు ఎక్కొద్దని నేననట్లేదు. పై రెండింటితో కుదరని పనులు బోలెడుంటాయి, ఇంటర్న్‌షిప్‌లో అదే అడగొచ్చు కూడా. కానీ ఎక్కే ముందు కింది రెండూ చూశారా అని మిమ్మల్ని మీరు అడగండి. నేను ఏం కట్టగలనో చూపించాలన్న తొందరలో, ఆ పేజీ ఎవరు చదువుతారన్నది మర్చిపోయా.

వచ్చే నెల క్విజ్ క్లబ్ వాళ్ళకి పేజీ చేసిపెట్టాలి. ముందు తెరిచేది రీజనల్ సెట్టింగ్సే. ఆ తమ్ముడి కథ మాత్రం చదివా, తప్పులు దిద్ది ఇచ్చా. వచ్చే పోటీ గడువు ఎప్పుడో వాడికి నోటితో కూడా చెప్తా.