బావంచాలు, ఎండ – చర్మకణంలో జరిగే మరమ్మతు

కొంతకాలం క్రితం ఒక తల్లి తన పద్నాలుగేళ్ల కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. అమ్మాయి మోకాలి క్రింద చిన్న బొల్లి మచ్చ ఉన్నది. ఎవరో చెప్పగా విని, బావంచాలను నూరి, ఆ ముద్దను మచ్చకు పట్టించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో అరగంట కూర్చోబెట్టారు. ఆనాడు ఏమీ కనిపించలేదు. మరునాటికి చర్మం ఎర్రబడింది. మూడవనాటికి నీటిపొక్కులు లేచాయి. “చెట్టు మందే కదండీ, ఇంత హాని ఎలా చేసింది?” అని ఆ తల్లి అడిగింది. ఆమెకు నేను చెప్పిన సమాధానాన్నే ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

మన కణాలలో డి.ఎన్.ఎ. అనే పదార్థం ఉన్నది. దానిని రెండు పేటలుగా పేనిన త్రాడుగా ఊహించుకోండి. ఆ పేటల మీద నాలుగు రకాల రసాయనిక అక్షరాలు వరుసగా ఉంటాయి. ఒక పేటలోని ప్రతి అక్షరానికి ఎదుటి పేటలో జత అక్షరం ఏదో ముందే నిర్ణయమై ఉంటుంది. కనుక ఒక పేట చెడినా, ఎదుటి పేటను చూసి దానిని తిరిగి వ్రాసుకొనవచ్చు. మరమ్మతుకు ఆధారమంతా ఇదే.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒకే పేటలో ప్రక్కప్రక్కన ఉన్న రెండు థైమీన్ అక్షరాలను ఒకదానికొకటి అతికిస్తాయి. ఆ చోట త్రాడు వంగి, అక్షరాల జతలు సడలుతాయి. సుమారు 300 కోట్ల జతల వరుసలో ఆ చెడిన చోటును వెదికి పట్టుకొనేవి కొన్ని మాంసకృత్తులు. వాటిలో ముఖ్యమైనది ఎక్స్.పి.సి. అనునది.

ఈ మాంసకృత్తి చెడిన అక్షరాలను నేరుగా పట్టుకొనదు. త్రాడు ఎక్కడ సడలినదో గుర్తించి, రెండు పేటల నడుమకు తనలోని వ్రేలివంటి భాగాన్ని జొనిపి, చెడిన అక్షరాలను వెలుపలికి నెట్టి, ఎదురుగా చెడకుండా ఉన్న పేటను పట్టుకొంటుంది. ఈస్టులో దీనికి సాటియైన మాంసకృత్తి నిర్మాణాన్ని 2007లో పరిశీలించినప్పుడు ఈ సంగతి స్పష్టమైనది. వైద్యుడు మణికట్టు వద్ద నాడి పట్టుకొని, లోపలెక్కడో ఉన్న దోషాన్ని ఊహించే తీరు ఇది. అందువల్లనే ఎండ వలన కలిగిన దోషాన్నీ, పొగలోని విషపదార్థాల వలన కలిగిన దోషాన్నీ కూడా ఇది గుర్తించగలదు. వంపు మరీ స్వల్పమైనచో మరొక మాంసకృత్తి ముందుగా అక్కడ అంటుకొని దీనికి దారి చూపుతుంది.

తరువాత మరికొన్ని మాంసకృత్తులు వచ్చి పేటలను విడదీసి, దోషం నిజమేనని సరిచూస్తాయి. ఎక్స్.పి.ఎఫ్., ఎక్స్.పి.జి. అనేవి చెడిన చోటుకు ఇరువైపులా కత్తిరించి, సుమారు 24 నుండి 32 అక్షరాల ముక్కను తొలగిస్తాయి. ఎదుటి పేటను చూసి ఖాళీని పూరించి, అతుకు వేయడంతో పని ముగుస్తుంది. ఈ మరమ్మతు విధానాన్ని వివరించినందుకు అజీజ్ సాంకార్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలసి అందుకొన్నారు.

ఈ మాంసకృత్తులు పుట్టుకతోనే లోపించినవారికి వచ్చే వ్యాధి జీరోడెర్మా పిగ్మెంటోజమ్. వారి కణాలలో మరమ్మతు జరగడం లేదని 1968లో జేమ్స్ క్లీవర్ కనుగొన్నారు. ఇరవై ఏళ్లలోపు వయసులో వీరికి కొన్ని చర్మ క్యాన్సర్లు వచ్చే అవకాశం ఇతరులకన్నా సుమారు 10,000 రెట్లు అధికం. కొద్దిపాటి ఎండకే పసిబిడ్డ చర్మం తీవ్రంగా కమిలినా, రెండేళ్లు నిండకముందే ముఖం మీద దట్టంగా మచ్చలు వచ్చినా చర్మవైద్యునికి తప్పక చూపించండి.

ఇక బావంచాల విషయం. వీటిలో సొరాలిన్ అనే పదార్థం ఉన్నది. అది డి.ఎన్.ఎ. అక్షరాల నడుమకు దూరుతుంది. ఎండ సోకగానే ఒక పేటలోని థైమీన్‌కు అతుక్కొంటుంది. మరల కిరణం సోకితే ఎదుటి పేటలోని థైమీన్‌కు కూడా అతుక్కొని, రెండు పేటలనూ కలిపి ముడివేస్తుంది. ఇప్పుడు చూసి వ్రాసుకొనుటకు చెడని పేట ఏది? ఇటువంటి ముడిని విప్పుటకు వేరే మాంసకృత్తులు ఉన్నా, అది కష్టమైన పని. ముడులు మితిమీరితే కణాలు చనిపోతాయి. ఆ అమ్మాయికి పొక్కులు లేచినది ఇందువల్లనే.

అయితే బావంచాలు పనికిరావని నేను అనడం లేదు. బొల్లికి బాకుచిని వాడడం మన వైద్యంలో ప్రాచీనమైన పద్ధతి. ఆధునిక వైద్యులు కూడా 1970ల నుండి సొరాలిన్‌ను కొలత ప్రకారం, కిరణాలను కొలత ప్రకారం ఇస్తూ వచ్చారు. ఆ విధంగా చేసినప్పటికీ దీర్ఘకాలం ఆ చికిత్స పొందినవారిలో చర్మ క్యాన్సర్ ముప్పు పెరిగినట్లు తెలిసినది. కొలత లేకుండా ఇంట్లో చేస్తే చెప్పేదేమున్నది?

కనుక గృహిణులు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకొనవలెను.

1. బావంచాలను పైపూతగా గాని, లోపలికి గాని వైద్యుని పర్యవేక్షణ లేనిదే వాడరాదు. లోపలికి తీసుకొన్న కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలు ఉన్నవి.

2. పసిపిల్లలకు, గర్భిణులకు సొంతంగా అసలే వాడరాదు.

3. నిమ్మతొక్కలోనూ, రసంలోనూ ఇదే జాతి పదార్థాలు ఉన్నవి. ముఖానికి నిమ్మరసం పూసుకొని ఎండలోకి వెళ్లరాదు.

4. పొక్కులు లేస్తే చిదమకుండా, చల్లని నీటితో తడిపి, వెంటనే వైద్యుని చూడవలెను.

ఆ అమ్మాయికి పొక్కులు మానుటకు మూడు వారాలు పట్టినది. నల్లని మరక మాత్రం ఇంకా మిగిలి ఉన్నది. కణం తన మరమ్మతు తాను చేసుకొంటుంది. దాని శక్తికి మించిన భారం మోపకుండా చూడడమే మన బాధ్యత.