నొప్పి లేదని ఊరుకోకండి

"నొప్పి లేదు కదా డాక్టరుగారూ, అందుకే ఊరుకున్నాను." రొమ్ములో గడ్డతో మా ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చే తల్లుల్లో చాలామంది చెప్పే మాట ఇది. నొప్పి లేకుండానే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీరు ఊరుకోరు.

మనం తిన్న పప్పులోని, గుడ్డులోని మాంసకృత్తులను కడుపులో పెప్సిన్ వంటి ఎంజైములు అరగదీస్తాయి. మాంసకృత్తులను కరిగించే ఎంజైములు కడుపులోనే కాదు, శరీరమంతటా ఉన్నాయి. 1962లో అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియర్ అనే శాస్త్రజ్ఞులు ఇలాంటి ఎంజైమును తోకకప్ప తోకలో కనిపెట్టారు. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక కరిగిపోవడం ఇలాంటి ఎంజైముల పనే.

మన రొమ్ములోనూ ఇవి ఉన్నాయి. పాలనాళాల చుట్టూ కొలాజెన్ వంటి మాంసకృత్తులతో అల్లిన పలుచని పొర గోడలా ఉంటుంది. ఆడపిల్ల ఎదిగేటప్పుడు నాళాలు పెరగాలన్నా, బిడ్డ పాలు మానేశాక రొమ్ము మళ్ళీ మామూలు స్థితికి రావాలన్నా ఆ గోడను కొంత కరిగించి మళ్ళీ కట్టాలి. ఎంజైములు ఆ పని చేస్తాయి. పని కాగానే వాటిని అణచే పదార్థాలు కూడా శరీరంలోనే ఉన్నాయి. పొయ్యిలో నిప్పులాగా అవి అదుపులో ఉన్నంతవరకూ మేలే.

క్యాన్సర్‌లో ఈ అదుపు తప్పుతుంది. క్యాన్సర్ కణాలు ఈ ఎంజైములను తాము తయారుచేయడమే కాక, చుట్టూ ఉన్న మంచి కణాల చేత కూడా చేయిస్తాయి. గోడ కరుగుతుంది. కణాలు బయటపడి చంకలోని బిళ్ళలకూ, ఎముకలకూ, ఊపిరితిత్తులకూ, కాలేయానికీ చేరవచ్చు. జబ్బు గోడ లోపల ఉండగానే పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. దాటిన తరువాత కూడా ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

మరి ఎంజైములను ఆపే మందు లేదా అంటారా? 1990లలో మరిమాస్టాట్ వంటి మందులు వాడి చూశారు. కీళ్ళనొప్పులు వచ్చాయి గాని ఆశించిన ఫలితం రాలేదు. కనుక ఇప్పటికి మన చేతిలో ఉన్నది తొందరగా గుర్తించడమే.

ఇక రెండు అపోహలు. పప్పు, గుడ్డు తింటే క్యాన్సర్ పెరుగుతుందని కొందరు మానేస్తారు. కడుపులో అరిగే తిండికీ ఈ గోడ కరగడానికీ సంబంధం లేదు. చికిత్స పొందేవారికి మాంసకృత్తులు మరీ అవసరం. రెండోది, సూది గుచ్చితే, కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయం. జబ్బు పాకడానికి కారణం సూదీ కాదు, కత్తీ కాదు. పరీక్షకు జంకి కాలయాపన చేస్తే దానికి మనమే వ్యవధి ఇచ్చినవాళ్ళమవుతాం.

స్నానం చేసేటప్పుడు గమనించుకోండి. రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, నెత్తురు కారడం - వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. కాని ఆ మాట పరీక్ష చేసి డాక్టరు చెప్పాలి. సిగ్గుపడి దాచుకునే అత్తగారు, అమ్మ, వదిన మీ ఇంట్లో ఉంటే వారినీ వెంటబెట్టుకుని తీసుకురండి.