బైండింగ్ అయింది, ప్రాజెక్టు అయిందా?

అపోహ: ఎంసీఏ ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఎలాగూ ఉంది కదా, ప్రాజెక్టుతో నేర్పడమంటే అదే.

వాస్తవం: అది చదువంతా అయ్యాక పెట్టే పరీక్ష. ప్రాజెక్టే పాఠమయ్యే పద్ధతి వేరు. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ 1918లోనే దీని మీద వ్యాసం రాశాడు. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది మొదలు ఈ దారిలోనే నడుస్తోంది.

అపోహ: ప్రోగ్రాము నడిస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే.

వాస్తవం: మా విద్యార్థులు నలుగురు హాస్టల్ మెస్ లెక్కలకి సిస్టమ్ తయారుచేశారు. డేటాబేస్‌లో ఒక్కో విద్యార్థికి రోజుకో వరస: తిన్నాడు, లేదా తినలేదు. లాగిన్, రిపోర్టులు, అన్నీ భేషుగ్గా పనిచేశాయి. మెస్ చూసే పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, తన లాంగ్ నోట్‌బుక్ తెరిచి, "మరి దీన్ని ఎక్కడ వెయ్యాలి బాబూ?" అన్నాడు. కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది. టిఫిన్ తిని ఊరెళ్లిపోయిన పిల్లలట. ఆ సున్నా కోసం రోజుకో వరస కాస్తా పూటకో వరస అయింది, బిల్లు లెక్క మొత్తం తిరగరాశారు. టేబుల్‌లో ఒక్కో వరస దేన్ని సూచించాలన్నది నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో! వాళ్లకి ఎక్కింది మాత్రం ఆ రోజే.

అపోహ: ప్రాజెక్టులు పెట్టుకుంటే సిలబస్ అవదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. 2020-21 నుంచి ఎంసీఏ మూడేళ్లది రెండేళ్లకి కుదించుకుపోయింది. కానీ రిపోర్టు రావడానికి నిమిషం పడుతోందని వాళ్లే విసుక్కుంటున్నప్పుడు ఇండెక్స్ గురించి చెప్పి చూడండి, గంట పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది. మాస్టారికి పని తగ్గుతుందనుకుంటే మాత్రం అది ఇంకో అపోహ.

అపోహ: బ్యాచ్‌లో నలుగురూ నేర్చుకుంటారు.

వాస్తవం: ఒకరు కోడ్ రాస్తారు, ఒకరు డాక్యుమెంటేషన్ టైపు చేస్తారు, ఒకరు బైండింగ్‌కి వెళతారు, నాలుగోవారు టీ తాగిస్తారు. గిట్ చూస్తే కోడ్ రాసిందెవరో తెలుస్తుంది, అంతే. వైవాలో నాలుగోవారిని అడగాలి, టేబుల్ ఎందుకు మార్చారని.

అపోహ: అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నా, చదివి అర్థం చేసుకుంటే చాలు.

వాస్తవం: కొన్నదాంట్లో కోడ్ వస్తుంది, నోట్‌బుక్ పట్టుకున్న పెద్దాయన రాడు. ఆ మధ్య ఒక వైవాలో అలాంటి మెస్ ప్రాజెక్టే వస్తే, ఒక్క పూటే తిన్నవాడికి బిల్లెంతని అడిగాను. నలుగురూ కలిసి 'ఫ్యూచర్ ఎన్‌హాన్స్‌మెంట్స్' పేజీ వెతకడం మొదలుపెట్టారు.